మాస్టర్ కొడుకు

సోమవారం సాయంత్రం మిల్లు దగ్గర్నుంచి వచ్చింది మొదలు చిలుకమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మంగళవారం తెల్లారి ధర్మసాగర్ చెరువు నల్లా నీళ్లు వచ్చి పోయాయి. పక్కింటి కుక్కర్ కూతలు వేసి ఊరుకుంది. స్నేహలత చేసిన ఉప్మా గిన్నెలోనే గడ్డకట్టింది. ముసలామె మాత్రం గోడవైపు తిరిగి మంచం మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. పక్కన చిన్న బట్టల మూట కట్టి పెట్టుకుంది.

అత్త అలిగిన ఇంట్లో తప్పెవరిదో కోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. స్నేహలత నిన్నటి రోజంతా తలకిందులు చేసి వెతుక్కుంది. చాయ్‌లో చక్కెర తక్కువైందా? తల్లితో ఫోన్లో మాట్లాడుతూ ఏమైనా నోరు జారిందా? ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి భయం ఇంకా ఎక్కువైంది.

డోర్నకల్‌లో ఉన్న ఆడబిడ్డ ప్రేమలతకు ఫోన్ చేసింది. ప్రేమలత సగం విని, మా అవ్వ ఊకెనే అలుగదు అని తేల్చేసింది. మిగతా సగం సమయం కోడళ్ల గురించి తనకు తెలిసినవన్నీ చెప్పింది. చివరకు అవ్వను రైలెక్కించమని, తనకు బరువు కాదని కూడా అంది. ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలింది.

"అత్తమ్మా, నేనేమన్న అన్ననా?" అని స్నేహలత మంచం దగ్గర నిలబడి గట్టిగా అడిగింది. చిలుకమ్మకు చెవులు సరిగా వినిపించవు. ఆ ఇంట్లో ఆమెతో ఏం మాట్లాడినా వీధి చివరిదాకా తెలుస్తుంది.

"నీదేం లేదు బిడ్డా," అంది చిలుకమ్మ. అంతే.

స్నేహలత మగడు భానుచందర్ స్నానాల గదిలోంచి ఇంకా రాలేదు. మంగళవారం సేల్స్ ఆఫీసుకు సెలవు. సెలవు రోజు లేవడమే ఆలస్యంగా లేచే మనిషి, ఇవాళ పొద్దున్నే లేచి లోపల దూరాడు. బకెట్ ఎప్పుడో నిండిపోయింది. నీళ్లు పొర్లుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడుతూనే ఉంది.

జరిగిందేమిటో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరికి తెలుసన్న సంగతి రెండోవారికి ఇంకా తెలియదు.

సోమవారం మధ్యాహ్నం చిలుకమ్మ ఎవరికీ చెప్పకుండా మిల్లుకు పోయింది. మూతపడ్డాక ఆమె ఆ వైపు కాలు పెట్టలేదు. కొడుకు ఇప్పుడు అక్కడ ఇళ్లు అమ్మే ఆఫీసుకు మేనేజర్ అయినా, రమ్మని ఎప్పుడూ పిలవలేదు. దుమ్ము, సిమెంటు, నీకు దగ్గొస్తది అనేవాడు. ఇప్పుడు దుమ్ము లేదని పాలవాడు చెబితే ఆమె నమ్మింది. ఉతికిన చీరే కట్టుకుంది గానీ అది రంగు వెలిసిన చీర.

మిల్లును గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. ఎర్ర ఇటుకలను రుద్ది రుద్ది మెరిసేలా చేశారు. పొగగొట్టం అలాగే ఉంచి, దాని పాదం దగ్గర ఈతకొలను తవ్వారు. గేటు మీద 'లూమ్ కోర్ట్' అని ఇత్తడి అక్షరాలు. ఆమె మగడు ఎల్లస్వామి బతికినన్నాళ్లూ కరెంటు మగ్గాలు నడిపిన షెడ్డు ఇప్పుడు రెండంతస్తుల ఇళ్ల వరుస. కరెంటు మగ్గాలను వాళ్లు సాంచాలంటారు. ఆ సాంచాలకు కావలసిన నూలును ఆమె కండెలకు చుట్టిన వరండాయే ఇప్పుడు కొడుకు కూర్చునే అద్దాల గది.

కొనేవాళ్లకు చూపించడానికి ఒక ఇల్లు సోఫాలతో, పరదాలతో సిద్ధం చేసి ఉంచారు. దాని గడప దగ్గర చిలుకమ్మ చెప్పులు విడిచింది. వంగి, గడపను తాకి, ఆ చేతిని కళ్లకు అద్దుకుంది. మిల్లు నడిచిన రోజుల్లో షిఫ్టుకు పోయే ప్రతి మనిషీ షెడ్డు గడప దగ్గర అలాగే చేసేవాడు. ఇంత అన్నం పెట్టే చోటిది అని వాళ్ల లెక్క. చెప్పులతో లోపలికి పోయినవాడికి ఆ రోజు దారాలన్నీ తెగేవని నమ్మేవారు.

అద్దాల గదిలో భానుచందర్ ఎదురుగా ఇద్దరు కూర్చుని ఉన్నారు. శశాంక్, అతని భార్య సౌజన్య. ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నారు. సౌజన్య అద్దంలోంచి ముసలామెను చూసింది. వంగి గడపకు మొక్కుతున్న మనిషిని చూసి ముచ్చటపడి, ఆమె ఎవరని అడిగింది.

భానుచందర్ తల తిప్పాడు. తల్లిని చూశాడు. చెప్పులు చేత పట్టుకుని, అంచు చిరిగిన చీరలో, సోఫా పక్కన నిలబడ్డ తల్లిని.

"మా దగ్గర ఊడ్చి తుడిచే మనిషి మేడమ్," అన్నాడు.

వెంటనే మాట మార్చాడు. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. మా నాన్నగారు ఇదే మిల్లులో వీవింగ్ మాస్టర్, నేను ఈ ఆవరణలోనే పెరిగాను, అందుకే ఈ ఇళ్లు నాకు ఇళ్లు మాత్రమే కాదు. ఈ కథ ఓనర్ రాంప్రసాద్‌కు చాలా ఇష్టం. ఇంటర్వ్యూలో ఈ కథ విన్నాకే కుర్చీ ఇచ్చాడు. మిల్లు మాస్టర్ కొడుకే మన ఇళ్లు అమ్ముతున్నాడని ఊరంతా చెప్పుకుంటాడు కూడా.

తలుపు వేసి ఉంది. అద్దం దళసరిది. తల్లికి ఎలాగూ చెవుడు. భానుచందర్‌కు అంతకన్నా ధైర్యం ఏం కావాలి?

ఇక్కడే అతను మిల్లు మనుషుల కడుపున పుట్టినవాడు చేయకూడని పొరపాటు చేశాడు. ఆ షెడ్డులో సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడేది కాదు. అందుకని వాళ్లు అరవడం ఎప్పుడో మానేశారు. గొంతు లేకుండా పెదాలు కదిపి మాట్లాడుకునేవారు, ఎదుటి మనిషి పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. షెడ్డు ఈ కొసన ఉన్నవాడు ఆ కొసన ఉన్నవాడితో అట్లా పరాచికాలు ఆడేవాడు, పెళ్లి సంబంధాలు కూడా కుదుర్చుకునేవాడు. మిల్లు క్వార్టర్సులో పిల్లలు నడక కంటే ముందు ఆ పెదవి మాటే నేర్చేవారు. చెవులు పోయినందుకు చిలుకమ్మ ఏనాడూ బాధపడింది లేదు, ఆమెకు చెవులతో పనే తక్కువ. ఇదంతా భానుచందర్‌కు తెలిసిన సంగతే. కాకపోతే మరిచిపోవాలని మరిచిపోయిన సంగతుల్లో ఇదీ ఒకటి.

అట్లా ఆమె అద్దం ఇవతల నిలబడి, కొడుకు అన్నదంతా చూసింది. చెప్పులు వేసుకుని ఇంటికి నడిచి వచ్చింది.

నీళ్ల చప్పుడు ఆగింది. భానుచందర్ తల తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. తల్లి మిల్లుకు వస్తే తాను పలకరించలేదని అలిగింది, అంతే అయ్యుంటుందని తనకు తాను చెప్పుకుంటున్నాడు. అయినా తల ఎత్తి ఆ గది వైపు చూడలేదు. స్నేహలత ప్లేటు పెట్టి, చట్నీ కోసం లోపలికి పోయింది.

అప్పుడు చిలుకమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె పెదాలు కదిలాయి. చప్పుడు లేదు.

"నేను మీ ఆఫీసుల ఊడ్చేదాన్నా?"

భానుచందర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏందీ?" అని పైకే అనేశాడు.

"నేనేం అనలేదు," అని వంటింట్లోంచి స్నేహలత జవాబు చెప్పింది.

"సూసిన," అంది తల్లి, మళ్లీ గొంతు లేకుండానే. "అద్దంల పొల్లు పోకుంట సూసిన."

సిగ్గు అనేది ముందుగా చెవుల్లో మొదలవుతుందని ఆ పొద్దున అతనికి తెలిసింది. రెండు చెవులూ భగ్గుమన్నాయి. నోరు తెరిచి ఏదో చెప్పబోయి, వంటింటి వైపు చూసి ఆగాడు. భార్య వింటుంది. భార్యకు కూడా మామగారు వీవింగ్ మాస్టర్ అనే తెలుసు. పెళ్లినాటికే మిల్లు మూతపడి ఉంది, ఎల్లస్వామి పోయి ఉన్నాడు. తల్లి ముందర ఆ మాట అతను ఎప్పుడూ రానివ్వలేదు.

తల్లి గొంతు విప్పకపోవడానికి కారణం అదేనని అతనికి అప్పుడర్థమైంది. కోడలి ముందు కొడుకు తలవంచుకోకూడదని, నిన్న సాయంత్రం నుంచి నోరు కట్టుకుని కూర్చుంది ఈ మనిషి. తిట్టడానికి వచ్చి కూడా వాడి పరువే చూస్తోంది. దానికంటే గట్టిగా నాలుగు తిట్టినా బాగుండేది.

అతను కూడా పెదాలే కదిపాడు. ఎన్నేళ్లయిందో ఆ మాట మాట్లాడి, సగం అక్షరాలు తడబడ్డాయి.

"ఆడ పెద్దోళ్లున్నరు అవ్వా. నాకు వేరే మాట దొర్కలె."

కాలేజీలో చేరినప్పటి నుంచి అతను ఆమెను అమ్మ అనే పిలుస్తున్నాడు. అవ్వ అనే మాట ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియదు. ఆ పిలుపుకు చిలుకమ్మ కరగలేదు.

"మీ నాయిన మాస్టరెప్పుడైండు?"

అతను చేతిలోని ముద్దను ప్లేటులోనే వదిలేశాడు.

"మీ నాయిన సాంచాలు నడిపిండు. మాస్టరంటే ఆయనను దినాం తిట్టినోడు, నలుగుట్ల నిలబెట్టి తిట్టినోడు." ఆమె పెదాలు నిదానంగా, విడివిడిగా కదులుతున్నాయి, చదవడం రానివాడికి చూపించినట్టు. "గా మనిషిని తీస్కచ్చి నాకు మొగణ్ని జేసినవు."

స్నేహలత చట్నీ గిన్నెతో వచ్చి ఆగింది. అత్త ముఖం చూసింది, మగని ముఖం చూసింది. గదిలో ఒక్క మాట వినబడలేదు గానీ పెద్ద కొట్లాట జరుగుతున్నట్టు ఆమెకు తెలిసిపోయింది.

"ఏం మాట్లాడుకుంటాన్నరు?"

"ఏం లేదు," అన్నారు తల్లీకొడుకులు ఒక్కసారే.

"ఏం లేకుంటె మీ మొఖం ఎందుకట్లున్నది? నాతోటి చెప్పే మాట గాదా?" స్నేహలత గిన్నె కింద పెట్టింది. "ప్రేమలత వదినేమో నన్నంటది. అత్తమ్మేమో నీదేం లేదంటది. మీరేమో తలకాయ లేపరు. నేను ఈ ఇంట్లె ఉన్నట్టా లేనట్టా?"

భానుచందర్ ఉప్మాలోని పల్లీలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. అమ్మకు అక్కను చూడాలనిపించిందట, డోర్నకల్ పోతానంటోంది అని గొణిగాడు. నోట్లోంచి వచ్చాక తనకే అసహ్యం వేసింది. నిన్నటి అబద్ధం తడి ఆరకముందే ఇంకోటి.

చిలుకమ్మ కొడుకు పెదాల మీద ఆ మాట కూడా చూసింది. తరువాత వచ్చి అతని ఎదురుగా కూర్చుని, ఆ చల్లారిన ఉప్మానే పెట్టమని కోడలిని అడిగింది. స్నేహలత వేడి చేస్తానన్నా వద్దంది. మొత్తం తిన్నది. గ్లాసెడు నీళ్లు తాగింది.

"అయితె పొద్దుగాల పోత తీ," అంది, ఈసారి గొంతుతో.

భానుచందర్ బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. నాలుగు రోజులు పోయొస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడు. ఇట్లాంటి మగవాళ్లకు సర్దుకోవడమంటే ఎదుటివాళ్లు సర్దుకోవడమే.

బుధవారం పొద్దున స్నేహలత లేచేసరికి చిలుకమ్మ లేదు. మూట లేదు. స్టేషన్‌కు తీసుకుపోతానన్న కొడుకును కూడా లేపకుండా ఆమె ఒక్కతే పోవడం స్నేహలతకు మింగుడు పడలేదు. భానుచందర్ మాత్రం చేరినంక ఫోన్ చేస్తదిలే అని స్కూటర్ తీశాడు. ఆ రోజు శశాంక్ వాళ్లు వచ్చి సంతకాలు పెడతారు. మంగళవారం వద్దని, బుధవారం మంచిదని వాళ్లే చెప్పారు.

అద్దాల గది ముందర ఎవరో నేల తుడుస్తున్నారు. ఊడ్చేవాళ్లకు ఇచ్చే నీలం కోటు వీపు వైపు నుంచి కనబడింది. అతను దాటిపోయి, తలుపు పిడి మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగాడు.

చిలుకమ్మ మాప్ కర్రను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక్క చుక్క వదలకుండా తుడుస్తోంది.

ఆమె పక్కన సూపర్‌వైజర్ పాండురంగం నిలబడి ఉన్నాడు. మరిపెడ నుంచి వచ్చిన మనిషి, ఎవరెవరి వాళ్లో అతనికి తెలియదు. సార్ పంపించిన మనిషినని చెబితే చేర్చుకున్నానని, పని మాత్రం శుభ్రంగా ఉందని మెచ్చుకోలుగా చెప్పి వెళ్లిపోయాడు.

"అవ్వా, ఇదేంది?" భానుచందర్ దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. చూసినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. "ఇంటికి పోదాం పా. నీ కాళ్లు మొక్కుత."

చిలుకమ్మ మాప్‌ను బకెట్‌లో ముంచింది.

"నిన్ను పరేషాన్ చేద్దామని రాలేదు కొడుకా. నా కడుపున పుట్టినోడు అబద్ధాలకోరు అంటె నాకు సిగ్గు గాదా? గందుకే నీ మాట నిజం జేసిన. మీ నాయినను మాస్టర్ జేసుడు నాతోని గాదు. ఊడ్చుడైతె నాతోని ఐతది."

ఆమె ముఖంలో కోపం కోసం అతను వెతికాడు. కోపమే ఉంటే చేతులు పట్టుకుని బతిమాలేవాడు. కోపం లేదు. జ్వరం వచ్చిన పిల్లవాడికి కషాయం పట్టించేటప్పటి ముఖం అది. ఇది శిక్షో, సాయమో అతనికి తేలలేదు. బయట కారు ఆగిన చప్పుడైంది. అతను తల్లిని అక్కడే వదిలి, చొక్కా సవరించుకుంటూ ఎదురు నడిచాడు.

శశాంక్, సౌజన్య చాలా సంతోషంగా ఉన్నారు. షెడ్డు పాత ఇనుప స్తంభం హాలు మధ్యలోకి వచ్చే ఇల్లే కావాలన్నారు. స్తంభానికి రంగు వేయొద్దని, ఆ పాతదనమే తమకు కావాలని సౌజన్య చెప్పింది. భానుచందర్ కాగితాలు ముందు పెట్టాడు. ఎప్పుడూ చెప్పే మాస్టర్ కథ ఇవాళ గొంతులోనే ఆగింది. అయినా శశాంకే గుర్తు చేశాడు. మీ నాన్నగారు నిలబడిన చోట మేం ఉండబోతున్నాం సార్ అన్నాడు. భానుచందర్ నవ్వాడు.

తలుపు తీసుకుని చిలుకమ్మ గదిలోకి వచ్చింది. కుర్చీల కింద తుడవడం మొదలుపెట్టింది. సౌజన్య కాళ్లు పక్కకు జరుపుతూ ఆమెను గుర్తుపట్టింది. నిన్న కాదు మొన్న గడపకు మొక్కింది ఈమే కదా అని భర్తకు చూపించింది. మనం చేరాక ఇంటి పనికి ఇట్లాంటి మనిషి దొరికితే బాగుండునని అంది. తరువాత భానుచందర్ వైపు తిరిగింది.

"నమ్మకమైన మనిషేనా సార్?"

చిలుకమ్మ తల వంచి తుడుస్తూనే ఉంది. ఆమెకు వినబడలేదు. ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. పోతే ఈ కుర్చీ పోతుంది, రాంప్రసాద్ ఊరంతా తిప్పుకునే కథ పోతుంది. భానుచందర్ నాలుక మీదికి ఆ మాట వచ్చింది కూడా. వచ్చి, శశాంక్ చేతిలో మూత తీసి ఉన్న పెన్ను చూసి వెనక్కి పోయింది.

"నమ్మకమైన మనిషే మేడమ్," అన్నాడు.

"అత్తమ్మా."

గుమ్మంలో స్నేహలత నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. అవ్వ ఇంకా రాలేదని ప్రేమలత ఫోన్ చేసింది. మీ అత్తమ్మ మిల్లు గేట్లకు పోతుంటే చూసినానని పాలవాడు చెప్పాడు. స్నేహలత డబ్బాలో అన్నం పెట్టుకుని ఆటో ఎక్కి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో భానుచందర్‌కు తెలియదు. ఆమె ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

స్నేహలత మగని వైపు చూడలేదు. అత్త భుజం తట్టి, డబ్బా చూపించి, తినడానికి రమ్మంది.

సౌజన్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈమె మీ అత్తమ్మనా? మరి ఈ వయసుల పనికి పంపుతున్నరా? మీ ఆయన ఏం చేస్తరమ్మా?" కోపంగా అడగలేదు. జాలితో అడిగింది.

"సార్‌కు ఎరికే," అంది స్నేహలత. "సార్‌నే అడుగుండ్రి మేడమ్."

అందరూ భానుచందర్ వైపు తిరిగారు. అందరి ముఖాలూ అటు తిరగడం చూసి చిలుకమ్మ కూడా తల ఎత్తింది. ఏం జరుగుతోందో క్షణంలో పసిగట్టింది. కొడుకు నోరు తెరవకముందే ఆమే అందుకుంది.

"నా కొడుకు ఊళ్లె లేడు బిడ్డా. పని మీద పోయిండు."

ఆ క్షణాన భానుచందర్‌కు కలిగింది బాధ కాదు. ఊరట. ఒళ్లంతా చల్లబడినంత ఊరట. తనకు కలిగింది ఏమిటో తెలిసి, తన మీద తనకే రోత పుట్టేలోపు, ఆ ఊరటను స్నేహలత అతని ముఖంలో చూసేసింది.

ఆమె డబ్బాను బల్ల మీద, సంతకాల కాగితాల పక్కన పెట్టింది. అత్త చేతిలోంచి మాప్ కర్ర తీసి గోడకు ఆనించింది. ఒక కుర్చీ లాగి అత్తను కూర్చోబెట్టి, ఇంకో కుర్చీ లాక్కుని, శశాంక్ దంపతుల పక్కన, మగనికి ఎదురుగా కూర్చుంది.

"సార్," అంది, చాలా మర్యాదగా. "మాకు గూడ ఒక ఇల్లు చూపియ్యుండ్రి. పెద్దది అక్కర్లేదు. నేను, మా అత్తమ్మ. ఇద్దరమే ఉంటం."